కరోల్స్ వాళ్ళు తలుపు తట్టినా మాడిపోని క్రిస్మస్ వంటలు

నాలుగేళ్ళ కిందట, డిసెంబరు 22 రాత్రి, మా వంటింట్లో అరిసెల పాకం రాయైపోయింది. బెల్లం సరిగ్గా ఉండపాకానికి వస్తోంది, పక్కన రెండు కేజీల తడిపిండి జల్లించి సిద్ధంగా ఉంది, అప్పుడే వీధిలో గిటారూ కంజీరా మోగాయి. మా వీధికి మర్నాడు రావలసిన కరోల్స్ వాళ్ళు ఆ రాత్రే వచ్చేశారు. పొయ్యి కట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుని గుమ్మంలోకి వెళ్ళాను. మూడు పాటలు, పాస్టరు అయ్యగారి ప్రార్థన, క్రిస్మస్ తాత వేషం కట్టిన కుర్రాణ్ణి చూసి మా చంటిదాని ఏడుపు, కానుక కవరు, అందరికీ టీ. అరగంట పోయింది. తిరిగొచ్చేసరికి పాకంలో గరిటె నిటారుగా నిలబడి ఉంది. లాగితే గిన్నె కూడా లేచొచ్చింది. మా అత్తగారు ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

తడిపిండిని మర్నాడు ఎండలో ఆరబోసి జంతికల్లోకి దించేశాం లెండి. కానీ ఆ రాత్రి నుంచి ఎవరు ఏ వంటని 'తేలిక' అన్నా నేను అడిగేది ఒకటే: మధ్యలో వదిలేసి లేవొచ్చా?

మన గోదావరి డెల్టా ఊళ్ళలో డిసెంబరు ఎలా గడుస్తుందో మీకు తెలుసు. మొదటివారం నుంచే సెమీ క్రిస్మస్‌లు, అంటే పండగకి ముందే జరుపుకునే వేడుకలు. ఇవాళ మన గుళ్ళో, రేపు పక్కూళ్ళో, ఎల్లుండి ఆఫీసులో. సాయంత్రమైతే క్వయిర్ ప్రాక్టీసు, సండే స్కూలు పిల్లల నాటిక, దేవదూత రెక్కలకి జరీ అంటించడం. సార్వా వరి నూర్పుళ్ళు తెమలని ఇళ్ళలో ఆ హడావుడి వేరే. ఈ సందట్లో "నలభై నిమిషాల్లో అయిపోతుంది" అని ఫోనులో చూపించే వంటకి ఆ నలభై నిమిషాలు ఒక్కచోట దొరకవు. పది, పదిహేను చొప్పున తునకలుగా దొరుకుతాయి. అందుకే కింద చెప్పేవాటిని నేను వంట సమయంతో తూచలేదు. ఆపితే ఆగుతుందా, ఎన్నాళ్ళు నిలవుంటుంది, తినేదెవరు అని చూశాను. అందులోనూ మొదటిదానికే పెద్దపీట.

గులాబీ పువ్వులా, గవ్వలా?

ఈ రెంటిలో ఒకటైనా లేకపోతే మావైపు క్రిస్మస్ పళ్ళెం వెలితిగానే ఉంటుంది. రెండూ మైదావే, రెండూ నూనెలో వేగేవే. స్వభావాలు మాత్రం అత్తాకోడళ్ళంత వేరు.

గులాబీ పువ్వుల పిండికి ఓపిక ఎక్కువ. కప్పు మైదా, అరకప్పు బియ్యప్పిండి, అరకప్పు పంచదార పొడి, ఒక గుడ్డు, చిటికెడు ఉప్పు, ఒక చెంచా నువ్వులు. వీటిని కొబ్బరిపాలతో ఉండ కట్టకుండా, దోసెల పిండికన్నా కాస్త జారుగా కలుపుకోవాలి. కప్పు నుంచి కప్పుంబావు పాలు పడతాయి. ఆవుపాలతోనూ వస్తాయి గానీ, కోనసీమలో ఉండి కొబ్బరిపాలు కాదనడం నాకు నచ్చదు. పంచదార ఇంతకన్నా పెంచకండి. పెంచితే పువ్వు వేగకముందే ఎర్రబడిపోతుంది, పైగా అచ్చుని వదలదు. పొద్దున కలిపి ఫ్రిజ్‌లో పెట్టి రాత్రి వేయించుకున్నా ఏమీ కాదు, అప్పటికి చిక్కబడితే రెండు చెంచాల పాలు పోస్తే సరి. వేయిస్తుండగా ఎవరైనా వస్తే పొయ్యి కట్టి, అచ్చుని నూనెలోనే వదిలి వెళ్ళిపోవచ్చు. తిరిగొచ్చాక నూనె, అచ్చు కలిసి మళ్ళీ కాగుతాయి.

చిక్కంతా అచ్చు దగ్గరే. కొత్త ఇనపచ్చు కొన్న రోజునే పువ్వులు దిగుతాయనుకోకండి. కడిగి, తడి లేకుండా తుడిచి, ఒక రాత్రంతా నూనెలో ఉంచి, మర్నాడు కాగే నూనెలో పది నిమిషాలు వేడెక్కనివ్వాలి. అప్పటికీ మొదటి నాలుగైదు పువ్వులు రేకలు విరిగే వస్తాయి. అవి పిల్లల వాటా. ఆ తర్వాత ప్రతిసారీ అచ్చుని వేడి నూనెలోంచి తీసి, ఒక్క క్షణం నూనె కారనిచ్చి, పిండిలో ముప్పావు వంతే ముంచాలి. ముంచగానే చుయ్‌మనాలి. అనలేదంటే అచ్చు చల్లారిందన్నమాట, పిండి పట్టదు. పై అంచు దాటి మునిగిందంటే పిండి అచ్చుని చుట్టేసుకుంటుంది, ఇక పుల్లతో పొడిచి ఊడదీసుకోవడమే. నూనెలో దించి అచ్చుని నెమ్మదిగా ఆడిస్తే పువ్వు దానంతటదే విడిపోతుంది. తీసినప్పుడు మెత్తగా ఉందని కంగారు పడకండి, చల్లారాకే కరకరలాడుతుంది.

కేరళవాళ్ళ అచ్చప్పం, ఆంగ్లో ఇండియన్ల రోజ్ కుకీ ఇదే. గుడ్డు తినని ఇళ్ళకి పంపాలంటే గుడ్డు మానేసి రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్ వేయండి. కరకర ఒక పిసరు తగ్గుతుంది, అంతే. కాకపోతే పిల్లల్ని ఈ పనికి కూర్చోబెట్టలేం. వేడి నూనె, వేడి ఇనుము, రెండూ ఒకేచోట. ఇది ఒక్కరు, పెద్దవాళ్ళు, నిలబడి చేసుకునే పని.

గవ్వలు పూర్తిగా దీనికి వ్యతిరేకం. రెండు కప్పుల మైదా, రెండు చెంచాల బొంబాయి రవ్వ, రెండు చెంచాల కాగిన నెయ్యి, కాస్త ఉప్పు వేసి, నీళ్ళతో చపాతీ పిండికన్నా గట్టిగా కలిపి అరగంట మూత పెట్టాలి. గచ్చకాయలో సగమంత ఉండ తీసుకుని గవ్వల పీట మీద బొటనవేలితో నొక్కుతూ జారిస్తే గవ్వ చుట్టుకుంటుంది. పీట లేకపోతే కొత్త దువ్వెనైనా, ఫోర్కైనా సరే. గోవాలో క్రిస్మస్‌కి చేసే కుల్‌కుల్ కూడా ఇలా ఫోర్కు మీద నొక్కి చుట్టేదే. వాళ్ళు కొబ్బరిపాలు, పంచదార వాడతారు, మనం బెల్లప్పాకంలో దొర్లిస్తాం. మేనత్త పోలికలున్న పిల్లల్లాంటివి రెండూ.

ఒక్కరే కూర్చుంటే గవ్వలకి నడుం పడిపోతుంది. అదే మా ఆడపడుచు పిల్లలు వచ్చారంటే, ఆరుగురూ నాటిక డైలాగులు అప్పజెప్పుకుంటూ గంటలో అవగొట్టేస్తారు. వాటిల్లో సగం గవ్వల్లా ఉండవు, నత్తల్లా ఉంటాయి. రుచికి లోటు లేదు. ఒత్తిన గవ్వల మీద గుడ్డ కప్పి ప్రాక్టీసుకి వెళ్ళిరావచ్చు. వేయించినవాటిని చల్లార్చి డబ్బాలో పోసి, పాకం మర్నాడు పట్టుకోవచ్చు. మంట మాత్రం సన్నంగా ఉండాలి. పెద్దమంట మీద పైకి ఎర్రబడి, లోపల పచ్చి మిగిలి, మూడోరోజుకల్లా మెత్తబడతాయి.

ఆపితే ఆగనిది చివరి పాకం ఒక్కటే. పైన చెప్పిన కొలతకి కప్పు బెల్లం, పావుకప్పు నీళ్ళు. కరిగాక ఇసుక లేకుండా వడకట్టి మళ్ళీ పొయ్యెక్కించాలి. చుక్క నీళ్ళలో వేసి ఉండ చేసి కంచం మీద విసిరితే ఠంగుమనాలి. అరిసెలకైతే ఆ చప్పుడు రాకముందే దించుతాం, గవ్వలకి వచ్చాకే దించాలి. పాకం లేతదైతే మన గోదావరి గాలిలోని తేమకి గవ్వలన్నీ చెమ్మగిల్లి ఒక్క ముద్దవుతాయి. ఆ పది నిమిషాలూ నేను వీధి తలుపు గడియ పెట్టేస్తాను. దేవుడు క్షమిస్తాడు.

పాకమంటే భయమున్నవాళ్ళు కారపు గవ్వలు చేసుకోండి. పిండిలోనే వాము, కారం, కాస్త ఇంగువ. వేగగానే పని అయిపోయినట్టే. కరోల్స్ వాళ్ళకి తీపి గవ్వలకన్నా ఇవే ముందు ఖాళీ అవుతాయి.

రెంటిలో ఏది అంటారా? ఇంట్లో అలవాటు పడిన అచ్చు ఉండి, మీరొక్కరే చేసుకోవాలంటే గులాబీ పువ్వులు. పిల్లలు, తోడికోడళ్ళు, చుట్టాలు దిగే ఇల్లయితే గవ్వలు. డిసెంబరు 20న కొత్త అచ్చు కొనుక్కొచ్చి 23న పువ్వులు వేసేద్దామనుకునేవాళ్ళకి నా సలహా ఒకటే: ఆ అచ్చుని వచ్చే ఏడాదికి దాచండి. రెండూ గాలి తగలని డబ్బాలో రెండు వారాలు ఢోకా లేకుండా ఉంటాయి కాబట్టి 15, 16 తేదీల్లోనే మొదలుపెట్టొచ్చు.

పాకం జోలికి పోని తీపి

నన్నడిగితే సున్నుండలకి మించిన తేలిక వంట లేదు. పొట్టు మినపప్పు రెండు కప్పులు తీసుకుని సన్నటి మంట మీద కమ్మటి వాసన వచ్చేదాకా, అంటే పావుగంట, ఇరవై నిమిషాలు వేయించాలి. మధ్యలో లేవాల్సి వస్తే పొయ్యి కట్టడం ఒక్కటే చాలదు, పప్పుని పళ్ళెంలోకి వంపేయాలి. లేకపోతే మందపాటి మూకుడు తన వేడితోనే మాడ్చేస్తుంది. ఆ తర్వాత ఇక తొందరే లేదు. మిక్సీ ఇవాళ పట్టుకోవచ్చు, ఉండలు ఎల్లుండి చుట్టుకోవచ్చు. ఒకటిన్నర కప్పు బెల్లం తురుము కలిపి మరోసారి తిప్పి, ముప్పావు కప్పు గోరువెచ్చటి నెయ్యి కొద్దికొద్దిగా పోస్తూ చుట్టడమే. డిసెంబరు మంచుకి నెయ్యి పేరుకుంటుంది కాబట్టి వేడి చేయడం మరవొద్దు. రెండు, మూడు వారాలు నిలవుంటాయి.

లోపమల్లా సున్నుండలో పండగ కళ లేకపోవడం. బాలింతలకీ, ఎదిగే ఆడపిల్లలకీ పెట్టే బలం వంటగానే అది మనింట్లో తిరిగింది. పళ్ళెంలో చూడగానే పిల్లలు "ఇదేనా?" అంటారు. పైన ఒక్కో జీడిపప్పు, ఒక్కో టూటీఫ్రూటీ ముక్క అద్ది పెట్టి చూడండి. మోసమే గానీ పనిచేస్తుంది.

కొబ్బరుండలు ఇంకా తొందరగా అవుతాయి. మూడు కప్పుల పచ్చికొబ్బరి తురుముకి ఒకటిన్నర కప్పు బెల్లం వేసి, అంచులు విడిచి ముద్దయ్యేదాకా తిప్పి, యాలకుల పొడి వేసి దించడమే. పావుగంట పని. మధ్యలో పొయ్యి కట్టినా పరవాలేదు, మళ్ళీ వెలిగించి దగ్గర పడనివ్వొచ్చు. పళ్ళు లేని పెద్దవాళ్ళు హాయిగా తింటారు. అంబాజీపేట, రాజోలు చుట్టుపక్కల వాళ్ళకి కాయ కొనే పని కూడా లేదు. కానీ పచ్చికొబ్బరి కనుక బయట పెడితే మూడు రోజులు దాటించకండి, ఫ్రిజ్‌లో అయితే వారం. అంటే 23కి ముందు చేయడం దండగ. మిల్క్‌మెయిడ్, కొబ్బరి పొడి కలిపి పది నిమిషాల్లో చేసే తెల్ల లడ్డూలు చూడ్డానికి మంచు ముద్దల్లా ముచ్చటగా ఉంటాయి. నాకు ఆ తీపి నాలుక మీద నుంచి దిగదు. పిల్లలకి మాత్రం అవే కావాలి, కాబట్టి ఓ పాతిక చేసి ఊరుకుంటాను.

కేకు: ఇంట్లోనా, బేకరీలోనా?

కేకు కోయకపోతే క్రిస్మస్ కాదన్నట్టు మాట్లాడతాం గానీ, మన ఇళ్ళలో ఆ ముచ్చట ఏమంత పాతది కాదు. 1830ల్లోనే బౌడెన్, బీర్ అనే ఇంగ్లండు మిషనరీల కుటుంబాలు నరసాపురంలో దిగి గోదావరి డెల్టా మిషన్‌కి పునాది వేశాయి. ఆ దొరల వంటిళ్ళలో ఏం కాల్చారో గానీ, మా నానమ్మకి మాత్రం పండగంటే బూరెలు, పులిహోర, అరిసెలే. నా చిన్నప్పుడు మైదా, పంచదార, డాల్డా, గుడ్లు సంచిలో వేసుకుని బేకరీకి పట్టుకెళ్తే, కూలి తీసుకుని వాళ్ళే కలిపి కాల్చి డబ్బాడు బిస్కెట్లు ఇచ్చేవారు. వేడి డబ్బాని సైకిలు వెనక కట్టుకుని వచ్చేవాళ్ళం. అది ఇంటివంటా, కొన్నదా అని ఎవరూ అడగలేదు.

అందరూ భయపడే కేకు నా పరీక్షలో మంచి మార్కులే తెచ్చుకుంది. ఎందుకంటే దాని పని మూడు తునకలుగా విడిపోతుంది. మొదటిది ఎండు పళ్ళు నానబెట్టడం. కిస్‌మిస్, ఖర్జూరం, జీడిపప్పు, టూటీఫ్రూటీ అన్నీ కలిపి ఒకటిన్నర కప్పు, కమలాపండు రసంలోనో ద్రాక్షరసంలోనో ముందురోజు రాత్రి వేసి మరిచిపోవచ్చు. మరిచిపోవడమే మరిచిపోతే, అదే రసంలో పది నిమిషాలు ఉడికించి చల్లార్చినా పళ్ళు ఉబ్బుతాయి. రమ్ము మన ఇళ్ళలోకి రాదు, రానక్కర్లేదు. ఈ టూటీఫ్రూటీ అంటే రంగేసిన పచ్చి బొప్పాయి, బేకరీ 'చెర్రీ' చాలాచోట్ల రంగేసిన వాక్కాయ. ఆ సంగతి తెలిశాక నాకు కేకు ఇంకా దగ్గరి చుట్టంలా అనిపించింది.

రెండోది పాకం. అరకప్పు పంచదారని నీళ్ళు లేకుండా ముదురు గోధుమరంగు వచ్చేదాకా కరిగించి, అరకప్పు వేడినీళ్ళు పోయాలి. చన్నీళ్ళు పోస్తే పాకం మొహం మీదికి ఎగురుతుంది. వేడినీళ్ళయినా చెయ్యి దూరంగా పెట్టే పోయండి, పిల్లల్ని వంటింట్లోకి రానివ్వకండి. ఇది చల్లారి ఎన్ని గంటలున్నా నష్టం లేదు.

మూడోదే కలిపే పని. ఒక గిన్నెలో ఒకటిన్నర కప్పు మైదా, ఒకటిన్నర టీస్పూన్ల బేకింగ్ పౌడరు, అర టీస్పూను దాల్చినచెక్క, లవంగం, జాజికాయ కలిపిన పొడి. ఇంకో గిన్నెలో 150 గ్రాముల వెన్న, ముప్పావు కప్పు పంచదార గిలక్కొట్టి, మూడు గుడ్లు ఒక్కొక్కటిగా వేసి, చల్లారిన పాకం పోయాలి. ఈ రెండు గిన్నెలూ విడివిడిగా కాసేపు ఆగుతాయి. కలిశాయా, ఇక ఆగవు. బేకింగ్ పౌడరుకి తడి తగలగానే గాలి బుడగలు పుట్టడం మొదలవుతుంది, ఆలస్యం చేస్తే ఆ గాలి పోయి కేకు రొట్టెలా అణిగిపోతుంది. కాబట్టి వీధి చివర కంజీర వినిపిస్తుంటే కలపకండి. వాళ్ళు వెళ్ళాక కలిపి, రసం వడకట్టిన పళ్ళకి చెంచా మైదా అద్ది అందులో వేసి, గిన్నెలోకి వంపి లోపల పెట్టేయండి. గంటసేపు మీకు సెలవు. మొదటి ముప్పావుగంట మూత తీసి చూడకూడదు కూడా, చూస్తే మధ్యలో గుంటపడుతుంది.

లోపల అంటే ఎందులో? ఓవెన్ ఉంటే 160 నుంచి 170 డిగ్రీలు, 50 నిమిషాల నుంచి గంట. పైన చక్కగా ఎర్రబడుతుంది, రెండు గిన్నెలు ఒకేసారి పడతాయి. కానీ కరెంటు పోయిందంటే సగం ఉబ్బిన కేకు కూర్చుండిపోతుంది. వీధివీధికీ సీరియల్ బల్బులు, నక్షత్రాలు వెలిగే రోజుల్లో ఆ భరోసా నాకు లేదు. కుక్కరైతే గ్యాసు ఉన్నంతవరకూ దిగుల్లేదు. రబ్బరు, వెయిటు తీసేసి, నీళ్ళు పోయకుండా, అడుగున అంగుళం మందాన ఉప్పో ఇసకో పోసి, స్టాండు పెట్టి, పది నిమిషాలు వేడెక్కాక గిన్నె దించి సన్నసెగన గంట. పైభాగం మాత్రం తెల్లగానే ఉంటుంది, బోర్లించి వడ్డిస్తే ఎవరికీ తెలియదు. ఖాళీ కుక్కరు అలా వేడెక్కడం దాని ఒంటికి మంచిది కాదు. రోజూ పప్పు వండే కుక్కర్ని పెట్టకండి, అటక మీది పాతదాన్ని దించండి.

ఇలాంటి కేకు కాల్చిన రోజుకన్నా మూడోరోజున రుచి. పళ్ళ తడి, మసాలా లోపలికి పాకుతాయి. గట్టిగా చుట్టిపెడితే ఈ చలికి వారం ఉంటుంది, కాబట్టి 20, 21 తేదీలు సరైనవి. క్రీము కేకే కావాలనుకుంటే మాత్రం మీరు చేయకండి. క్రీము ఆగదు, ఎండకి నిలవదు, ఇచ్చిపుచ్చుకోడానికి పనికిరాదు. 24 సాయంత్రం బేకరీలో తీసుకోండి, కోసి ఫొటో దిగడానికి అదే బాగుంటుంది.

ఓవెన్ వేడిగా ఉండగా నాన్‌ఖటాయి ఒక వాయి పెట్టేయొచ్చు. కప్పు మైదా, అరకప్పు పంచదార పొడి, అరకప్పు పేరుకున్న నెయ్యి, యాలకులు, చిటికెడు బేకింగ్ పౌడరు. నీళ్ళు, గుడ్డు ఏవీ వద్దు. తడి తగలదు కనుక ముద్ద ఎన్ని గంటలైనా ఆగుతుంది. ఉద్యోగాలు చేసే ఇళ్ళకి సున్నుండల తర్వాత నేను చెప్పేది ఇదే.

కారంలో జంతికలే

ఇక్కడ పెద్ద చర్చ లేదు. చేగోడీలకి పిండి ఉడికించాలి, చల్లారకముందే చుట్టాలి, ఆరిపోతే విరుగుతాయి. చెక్కలు ఒక్కొక్కటే ఒత్తుకోవాలి. జంతికలు గొట్టంలో పెట్టి నొక్కడమే. నాలుగు కప్పుల బియ్యప్పిండికి కప్పు పుట్నాల పొడి, రెండు చెంచాల వెన్న, వాము, కారం, ఉప్పు. పిండి మొత్తం ఒకేసారి తడపకండి. తడిపిన పిండి నిలవుంటే జంతిక ఎర్రబడి గట్టిపడుతుంది. పొడిపిండి కలిపి ఉంచుకుని, వాయికి సరిపడా మాత్రమే తడుపుకుంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు లేవొచ్చు.

కొనేసుకోవలసినవి

తాపేశ్వరం మడత కాజా, కాకినాడ గొట్టం కాజా ఇంట్లో ప్రయత్నించడం తప్పేమీ కాదు గానీ, పండగ ముందు వారం అందుకు సమయం కాదు. మడత కాజాకి పొరలు విడవాలి, గొట్టం కాజాకి లోపల పాకం నిలవాలి. ఆ విద్య ఆ ఊళ్ళవాళ్ళదే, పావు కేజీ తెచ్చి పళ్ళెంలో పెట్టండి.

ఆత్రేయపురం పూతరేకుల్లో మాత్రం సగం కొని సగం చేసుకునే దారి ఉంది. కుండ బోర్లించి పల్చటి బియ్యప్పిండి నీటితో రేకు తీయడం మనవల్ల కాదు. 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది ఆ చేతులకే. కానీ ఒట్టి రేకులు విడిగా అమ్ముతారు. తెచ్చుకుని, తడి గుడ్డ పిండేసి రేకు మీద అలా తాకించి మెత్తబరిచి, కరిగిన నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం పొడో, జీడిపప్పు పలుకులో చల్లి మడవడమే. పొయ్యి వెలిగించక్కర్లేదు. ఒక్కో రేకు ఒక్కో పని, ఎక్కడ ఆపినా పరవాలేదు. నా పరీక్షలో నూటికి నూరు దీనికే. మొదటి నాలుగు చిరుగుతాయి, గడ్డపెరుగు తిన్నట్టు చెంచాతో తినేయండి.

అరిసెలు నేను ఎందుకు మానేశానో మొదట్లోనే చెప్పాను. బియ్యం ఒకరోజు నానాలి, పిండి తడిగా ఉండగానే మర ఆడించాలి, పాకం ఒక్క నిమిషం అటూ ఇటూ కాకూడదు, ఒకరు తట్టాలి, ఒకరు వేయించాలి, ఒకరు నొక్కాలి. మూడు వారాల్లో సంక్రాంతి వస్తుంది, వీధంతా అరిసెలే, ఇరుగుపొరుగు మనకి పంపుతారు. క్రిస్మస్‌కి మనం పంపిన పళ్ళెం ఖాళీగా తిరిగి రాదు కదా.

ఎవరికి ఏవి

కరోల్స్ గుంపు ముప్పై, నలభై మంది ఉంటారు. ఒక చేతిలో పాటల పుస్తకం, ఇంకో చేతిలో టీ గ్లాసు. వాళ్ళకి కేకు ముక్కలు, పాకం గవ్వలు పెడితే కంజీర జిగురవుతుంది. జంతికలు, కారపు గవ్వలు, గులాబీ పువ్వులు చాలు. ఒక్కొక్కరికి పొట్లం కట్టి ముందే బుట్టలో పెట్టుకుంటే, లోపలికీ బయటికీ తిరిగే పని తప్పుతుంది.

ఇరుగుపొరుగుకి పంపే పళ్ళెంలో గుడ్డు తగిలినవి, తగలనివి కలపకండి. ఇది మర్యాదకి సంబంధించిన సంగతి. గుడ్డు తినని ఇంటికి గవ్వలు, సున్నుండలు, నాన్‌ఖటాయి పంపి, "గుడ్డు లేదండి" అని పిల్లలతో చెప్పించండి. షుగరున్న పెద్దవాళ్ళకి "బెల్లమేలే, ఏం కాదు" అని సున్నుండ చేతిలో పెట్టేస్తుంటారు మనవాళ్ళు. బెల్లమూ షుగరుని పెంచేదే. వాళ్ళకి రెండు జంతికలు పెట్టి కబుర్లు చెప్పండి.

కువైట్‌కో మస్కట్‌కో పార్సెల్ కట్టేవాళ్ళు కోనసీమలో ఇంటికొకరు ఉంటారు. గులాబీ పువ్వులు పంపితే అక్కడ చేరేది పొడి. కొబ్బరుండలు దారిలోనే పాడవుతాయి. సున్నుండలు, బెల్లం గవ్వలు, గట్టిగా చుట్టిన కేకు ప్రయాణాన్ని తట్టుకుంటాయి. మా మరిదికి కిందటేడు గవ్వలు పంపితే, గదిలోవాళ్ళకి పంచగా ఆయనకి మిగిలింది నత్తల్లాంటివేనట.

ఈ ఏడు మా ఇంటి లెక్క తేలిపోయింది. 14 ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లలతో గవ్వలు, ఆ రాత్రికే వేయించడం, మర్నాడు గడియ పెట్టుకుని పాకం. 17న జంతికలు. 20 రాత్రి పళ్ళు నానబోసి 21న పాత కుక్కర్లో కేకు. 23న కొబ్బరుండలు, అదీ మా మావయ్యగారి కోసం. ఒట్టి రేకులు తెచ్చే బాధ్యత మా వారిది. 24 రాత్రి పొయ్యి మీద టీ గిన్నె తప్ప ఇంకేమీ ఉండకూడదని మా అత్తగారే అన్నారు. నాలుగేళ్ళ తర్వాత, అరిసెల గురించి ఆవిడ అన్న మొదటి మాట అది.